లేపాక్షిలో లేని నీలం

బొమ్మలేసేవాణ్ణి జనం అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి, ఇది ఎంతకిస్తారు? రెండు, మీకు ప్రేరణ ఎక్కణ్ణుంచి వస్తుందండీ? మొదటిదానికి నేను నీళ్ళు నమిలి, నేలచూపులు చూసి, చివరికి నిజమే చెప్పేవాణ్ణి. రెండోదానికి మాత్రం తడుముకోకుండా అబద్ధం చెప్పాను. మీసం మొలిచిన నాటినుంచి జుట్టు నెరిసేదాకా చెబుతూనే ఉన్నాను. అబద్ధమని తెలిసి చెప్పేవాడు కనీసం లౌక్యుడు. నాకు ఆ పాటి గౌరవం కూడా దక్కదు. చెప్పిందాన్ని నేనే నమ్మి, నమ్మినదానికి తగ్గట్టు బొమ్మలు వేసి, ఆ బొమ్మలు చూసుకుని ‘చూశారా, నేను చెప్పలేదూ’ అనుకున్నవాణ్ణి.

వచ్చే నెల ఓ ప్రదర్శన ఉంది. కాటలాగులోకి మీ గురించి ఓ పేజీ రాసివ్వండి సార్ అన్నారు. రాద్దామని కూర్చుంటే ఇది వచ్చింది. వాళ్ళకిది పనికిరాదు కాబట్టి మీకిస్తున్నాను.

మాది అనకాపల్లి. మా ఇంట్లో చందమామ వచ్చిన రోజున అట్ట ఎవరు ముందు చూడాలన్నదాని మీద యుద్ధం జరిగేది. ఆ అట్ట మీద ఓ మూల ‘వపా’ అన్న సంతకం. ఆ వపా ఎవరో నాకు బాగానే తెలుసు. వడ్డాది పాపయ్యగారు. శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా చేసి, ఆ ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. మా వీధిలో సైకిలెక్కితే చొక్కా తడిసేలోగా కశింకోట. నాకు సైకిలుంది, ఆదివారాలున్నాయి. పైగా మా మేనత్తది ఆ ఊరే. పండక్కి వెళ్ళడం, అరిసెలు తినడం, అత్త చేతిలో పెట్టిన రూపాయి జేబులో వేసుకుని వచ్చేయడం. ఆయన గుమ్మం దాకా ఒక్కసారీ పోలేదు.

ఎందుకు పోలేదంటే, మేనత్త ఉండే ఊళ్ళో మహానుభావులుంటారంటే మనసొప్పుకోదు. గొప్ప చిత్రకారుడంటే పారిస్‌లో ఉండాలి. చలికి వణకాలి. అద్దె బాకీ ఉండాలి. కశింకోటలో చలెక్కడిది? ఆయన చిన్నతనంలో ఇంట్లో ఉన్న రవివర్మ రాముడి పటం చూసి బొమ్మలు మొదలుపెట్టారని ఎవరో చెప్పగా విన్నాను కూడా. విని చప్పరించేశాను. గోడ మీది పటమా? అలాంటిది మా నట్టింట్లోనూ ఉంది, దానికి రోజూ అగరొత్తి వెలిగిస్తారు. ప్రేరణ అనేది అగరొత్తి పొగలోంచి వస్తుందా అనుకున్నాను. 1992 డిసెంబరు 30న ఆయన పోయారు. నేను అప్పుడు విశాఖపట్నంలో బొమ్మల చదువు వెలగబెడుతున్నాను. పేపర్లో ఆ వార్త చదివిన పూట నా తలగడ కింద వాన్‌గో మీద ఇర్వింగ్ స్టోన్ రాసిన నవల ఉంది.

వాన్‌గో నా మొదటి అధికారిక ప్రేరణ. గడ్డం పెంచాను. నాది పలచన గడ్డం, చెంపల మీద రానే రాదు. చూసినవాళ్ళు ఒంట్లో బాగోలేదా అని అడిగేవారు. పస్తులుండాలని కూడా తీర్మానించాను గానీ మా అమ్మ సాగనివ్వలేదు. సూర్యకాంతి పూలు వేద్దామంటే మా చుట్టుపక్కల అన్నీ చెరకు తోటలు. పూర్ణా మార్కెట్లో ప్లాస్టిక్ పువ్వులు కొన్నాను. సెలవులకి ఊరొచ్చి, చిన్నాన్న తోటలో బెల్లం వండుతుంటే, పెనంలో పాకం పొంగి రంగు మారుతూ ఉంటే, లేత గోధుమరంగు ముదిరి ఎరుపు తిరుగుతూ ఉంటే, పొగలోంచి మనుషుల చేతులు మాత్రమే కనిపిస్తూ ఉంటే, దానికి వీపు తిప్పి కూర్చుని నేను వేసిన బొమ్మ, సీసాలో ప్లాస్టిక్ పూలు. చిన్నాన్న వచ్చి వెనక నిలబడి చూసి, ‘ఇది కొన్న పువ్వా, కోసిన పువ్వా?’ అని అడిగాడు. కళ తెలియని మనిషి అనుకున్నాను.

వాన్‌గో గురించి నాకు తెలియాల్సిన ఒక్క సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన బాహాటంగా కాపీ కొట్టినవాడు. 1887లో పారిస్‌లో ఉండగా జపాను చిత్రకారుడు హిరోషిగె అచ్చుబొమ్మల్ని, వాన వంతెనతో సహా, నూనెరంగుల్లోకి దింపాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్నప్పుడు మిలే వేసిన పల్లెటూరి పనివాళ్ళని ఒకరి తర్వాత ఒకర్ని మళ్ళీ వేశాడు. వేశానని తమ్ముడికి ఉత్తరాల్లో రాశాడు కూడా. ఆయన దగ్గర్నుంచి నేను గడ్డం తెచ్చుకున్నాను, ఆకలి తెచ్చుకోబోయాను. ఈ ఒప్పుకోలు మాత్రం తెచ్చుకోలేదు.

హైదరాబాదు వచ్చాక బాపు. ఈ విషయంలో నేను విడిగా సిగ్గుపడాల్సింది లేదు. ఆ రోజుల్లో కుంచె పట్టిన తెలుగువాడెవడూ ఆ గీతని తప్పించుకోలేదు. ఆయన చేతిరాతని కూడా వదల్లేదు జనం, శుభలేఖలన్నీ దాంట్లోనే అచ్చేయించుకునేవారు. నా అమ్మాయిలందరికీ ఆయన అమ్మాయిల జడే. ఓ వారపత్రిక ఎడిటరుగారు నా నమూనాలు తిరగేసి, ‘బాపుగారి ప్రభావం బాగా ఉందండీ’ అన్నారు, మెచ్చుకోలుగానే. నాకు పౌరుషం వచ్చింది. ‘కాదండీ, అజంతా’ అన్నాను. ఆయన నా బొమ్మకేసి చూసి, నాకేసి చూసి, ‘అజంతాలో పద్మపాణికి జడుందా?’ అన్నారు. ఉద్యోగం ఇచ్చారనుకోండి. బాపుగారు మాత్రం తమిళ చిత్రకారుడు గోపులు తనకి గురువని పదిమందిలో చెప్పుకున్నారు. అంతటివాడికి లేని మొహమాటం ఆయన జడ ఎత్తుకొచ్చిన నాకు ఎందుకో.

ఆ పత్రికలో చేసిన ఏళ్ళలో నా ప్రేరణ మంగళవారం సాయంత్రం వచ్చేది. ఆఫీసు కుర్రాడు స్కూటరు మీద తెచ్చేవాడు, ఖాకీ కవర్లో కథ పెట్టుకుని. బుధవారం పొద్దున్నే మళ్ళీ వాడే వచ్చి గుమ్మంలో నిలబడి హారన్ కొట్టేవాడు. ఈ రెంటికీ మధ్య వేసిన బొమ్మల్లోనే నేను కాస్త బాగా వేసినవి ఉన్నాయని ఇప్పుడు పాత సంచికలు తిరగేస్తే అనిపిస్తోంది. ఆ మాట ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు. స్కూటరు హారన్ నా ప్రేరణ అని ఎలా చెబుతాం? పైగా ఆ తొందరలో చేసిన ఘనకార్యాలు చెప్పాల్సివస్తుంది. ఒకసారి కథ మొదటి పేజీ మాత్రం చదివి, ఊరి బయట రచ్చబండ మీద కూర్చున్న నాయకుణ్ణి వేసి ఇచ్చాను. చేతులు బాగా కుదిరాయి, వేళ్ళ కణుపులతో సహా. యుద్ధంలో అతని ఎడమ చెయ్యి పోయిందన్న సంగతి మూడో పేజీలో ఉందట. పత్రిక బజార్లోకి వచ్చిన మర్నాడు రచయిత ఫోన్ చేశారు. ‘చివరికి మీరు కూడా నా హీరోకి చెయ్యిచ్చారండీ’ అన్నారు. పెద్దమనిషి, ఇంకో మాట అనలేదు.

ఇంకొక ప్రేరణ ఉంది, దీన్ని ఏ చిత్రకారుడి పరిచయంలోనూ చూడలేదు: అసూయ. విశాఖలో నాతోపాటు చదివినవాడొకడు ఫిషింగ్ హార్బరు పడవల్ని వేసేవాడు. వాడు నీటిరంగు తడి మీదే రెండో రంగు వదిలి, అది దాని ఇష్టం వచ్చినట్టు పాకుతుంటే చేతులు కట్టుకుని చూస్తుండేవాడు. పడవ కింద నీడ దానంతటదే వచ్చి కూర్చునేది. వాడి బొమ్మ ఒకటి అమ్ముడైన రోజున నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు తెల్లవారకుండా హార్బర్లో ఉన్నాను. సముద్రమంటే నాకు అప్పటికీ ఇప్పటికీ పడదు, ఆ ఎండుచేపల వాసనకి తలనొప్పి వస్తుంది. అయినా వాడు పడవలు మానేసి మనుషుల్లోకి వెళ్ళేదాకా నేను పడవలు వదల్లేదు. తడి మీద తడి వేయడం, రంగుని దాని దారిన పోనివ్వడం నాకు వచ్చిందంటే ఆ కుళ్ళుమోతుతనం వల్లే. ఏ కళాశాలా నేర్పలేదు, ఏ గుహా నేర్పలేదు. ఆ తర్వాత పత్రికలవాళ్ళు అడిగితే, ‘సముద్రం నాకు అమ్మ ఒడి’ అని చెప్పాను. అచ్చయింది. కత్తిరించి దాచుకున్నాను కూడా.

ఇక లేపాక్షి.

హైదరాబాదులో నా మొదటి సొంత ప్రదర్శన. గోడ నిండా నీలం బొమ్మలు. ఆ రోజుల్లో నా చెయ్యి నీలం మీదికి దానంతటదే పోయేది, ఎందుకో తెలియదు. తెలియదని రాస్తే కాటలాగులో బాగోదు కదా. అజంతా అప్పటికే అందరూ వాడేశారు. అటకమీంచి దించిన పుస్తకాల్లో నాలుగు పోస్టుకార్డులు దొరికాయి, లేపాక్షివి, నలుపు తెలుపు. ఇది ఎవరూ ముట్టుకోలేదు అనుకుని, ‘విజయనగర కుడ్యచిత్రాల వర్ణసంప్రదాయమే నా నీలానికి మూలం’ అని రాసిపారేశాను. వర్ణం అని రాయడానికి నలుపు తెలుపు కార్డులు చాలా అని ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

ప్రారంభోత్సవం సాయంత్రం ఓ పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, చంకలో గొడుగు, బ్యాంకులో చేసి రిటైరైనవారట. కాటలాగు మొత్తం చదివారు, అదే మొదటి ప్రమాదం. కాటలాగు ఎవరూ చదవరన్న ధైర్యంతోనే కదా మేమందరం రాసేది. బొమ్మల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి నా దగ్గరికొచ్చారు.

‘ఏం సామీ, మాది హిందూపురమే. లేపాక్షి గుడి కప్పు చూస్తా పెరిగినోణ్ణి. ఈ నీలం అక్కడ యాడ చూస్తిరి?’

చుట్టూ మనుషులున్నారు. చేతిలో సమోసా ఉంది. వెనక్కి తగ్గడానికి వీల్లేదు. ‘అది... అంతర్లీనంగా ఉంటుందండీ’ అన్నాను.

‘ఓహో, లోపలుంటాదా’ అన్నారాయన. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే తను చూసుకోలేదేమో అన్నట్టు తలాడించి, గొడుగు సర్దుకుని టీ దగ్గరికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ దెబ్బకి లేపాక్షి వెళ్ళాను. బుద్ధి వచ్చి వెళ్ళాననుకునేరు. లేదు, నీలం వెతకడానికి వెళ్ళాను. ఎక్కడో ఒక చోట, ఏ కృష్ణుడి ఒంటి మీదో, ఏ నెమలి మెడ మీదో ఇంత పిసరు దొరికితే ఆ పెద్దాయన అడ్రసు కనుక్కుని ఫోటో పంపుదామని. వీరభద్రుడి గుడి, పదహారో శతాబ్దం, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించింది. నాట్యమండపం కప్పు నిండా బొమ్మలు. కిరాతార్జునీయం బారుగా సాగిపోతుంది, పంది, విల్లెక్కుపెట్టిన అర్జునుడు, వేటగాడి వేషంలో శివుడు. విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు పరివారంతో నిలబడి ఉంటారు. అన్నీ మన్ను రంగులు: కావి ఎరుపు, గోపీచందనం పసుపు, ఆకుపచ్చ, తెలుపు, వాటన్నిటి చుట్టూ నల్లటి గీత. నీలం దాదాపు లేనే లేదు. మెడ పట్టేసేదాకా వెతికాను. స్తంభానికి ఆనుకుని, వెల్లకిలా పడుకుని, ఫోన్లో పెద్దది చేసుకుని వెతికాను. అక్కడి కాపలా మనిషి, ‘ఏమైనా పోగొట్టుకున్నారా సార్?’ అని అడిగాడు.

నా పక్కనే ఒకావిడ, మదనపల్లి నుంచి వచ్చిందట, చీరల నేతతో ఏదో సంబంధం ఉన్నావిడ, కప్పులోని ఆడవాళ్ళ చీరల అంచులు ఒక్కొక్కటీ నోటుబుక్కులో ఎక్కించుకుంటోంది. ఒక చీరకి గళ్ళు, ఒకదానికి చుక్కలు, ఒకదానికి హంసల బారు. ఏ ఇద్దరి చీరా ఒకటి కాదని వేలితో చూపించింది. పక్కకి జారిన కొప్పులు చూపించింది. ఆ గీత ఎక్కడ లావవుతుందో, మోచేతి వంపులో ఎక్కడ సన్నబడుతుందో నాకు, బొమ్మలేసేవాడికి, ఆవిడ చెప్పింది. నేను ఊఁ కొడుతూ ఆవిడ తల మీదుగా ఇంకో మూల నీలం ఉందేమోనని చూస్తున్నాను. లేపాక్షి నా ప్రేరణ అని రాసుకున్నవాడు లేపాక్షిలో చేసిన పని అది. ఇంటికి తెచ్చుకున్నది మెడనొప్పి.

తర్వాత ‘మూలాలు’ పట్టుకున్నాను. అందరూ మట్టి వాసన అంటున్న కాలం. తోట వైకుంఠంగారి ఆడవాళ్ళని చూశాను. ఆయన కరీంనగర్ పల్లె బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, తిరిగొచ్చి సొంతూరి ఆడవాళ్ళని పట్టుకున్న మనిషి. ఆ నల్లటి ఒళ్ళు, ఆ పెద్ద బొట్టు, ఆ మెరిసే చీరలు ఆయన పుట్టిపెరిగిన వాకిట్లోవి. 1988లో వచ్చిన ‘దాసి’ సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారంటే ఆ గడీ, ఆ గోడలు, ఆ గిన్నెలు ఆయనకి ఎంత ఎరికో చూడండి. ఆయన ఊరినుంచి బొమ్మ తెచ్చారు. నేను ఆయన బొమ్మనుంచి ఊరు తెచ్చాను. నిండు బొట్టుతో, ముక్కెరతో, ఎర్రచీరతో ఓ పెద్ద బొమ్మ వేసి ‘అమ్మ’ అని పేరు పెట్టి, మా అమ్మే నాకు ప్రేరణ అని ప్రకటించి, అమ్మని హైదరాబాదు రప్పించి పక్కన నిలబెట్టాను, ఫోటోకి.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని చూసింది. ‘ఇంతేసి బొట్టు నేనెప్పుడెట్టుకున్నాన్రా?’ అంది. నిజమే. ఆవిడది పప్పుగింజంత బొట్టు, అదీ చెమటకి సగం కారిపోయేది. ముక్కెర లేనే లేదు. ఫోటోగ్రాఫరు నవ్వు ఆపుకోవడానికి కెమెరా వెనక్కి పోయాడు.

ఆ మూలాల రోజుల్లోనే చేర్యాల వెళ్ళాను, నకాషీ పటాలు చూద్దామని. ఖాదీ గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, దాని మీద వేస్తారు, వెనకంతా ఎరుపు. చాప చుట్ట విప్పినట్టు విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది. అక్కడ పటం వేస్తున్న ఓ పెద్దమనిషిని నేను అందరూ నన్నడిగే ప్రశ్నే అడిగాను, ప్రేరణ సంగతి. ఆయన కుంచె ఆపలేదు. ‘కథ చెప్పెటోళ్ళొచ్చి గిది గావాలె అంటరు. మేం ఏస్తం’ అన్నాడు. కూనపులివాళ్ళకి మార్కండేయ పురాణం కావాలి, పద్మశాలీల ముందు చెప్పుకోడానికి. గౌడజెట్టీలకి గౌడ పురాణం కావాలి. ఎవరి పటం వాళ్ళు చెప్పి వేయించుకుంటారు. తరాల తరబడి అంతే. నాకు ఆ సమాధానం రుచించలేదు. ఇంత గొప్ప ఎరుపుకి ఇంత చప్పటి కారణమా అనుకుని, కార్లో తిరిగొస్తూ ఆయన తరఫున నేనే ఒక మంచి కారణం తయారుచేసి ఓ వ్యాసంలో రాశాను. మంగళవారం సాయంత్రం ఖాకీ కవరు తెచ్చే మా ఆఫీసు కుర్రాడికీ, కథ చెప్పెటోళ్ళకీ తేడా ఏమిటో ఆ వ్యాసం రాసేటప్పుడు తోచలేదు. ఆయన చెప్పుకోడానికి సిగ్గుపడలేదు, నేను పడ్డాను. తేడా అంతవరకే.

ఇంక చివరి తెలివితక్కువ పని. దీన్ని అన్నిటికన్నా నిజం అనుకున్నాను కాబట్టి ఇది అన్నిటికన్నా పెద్దది.

నా నీలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఓ రోజు హఠాత్తుగా ‘గుర్తొచ్చింది’. సంక్రాంతి ముందు ఇంటికి సున్నం వేసేవారు కదా, తెల్లగా రావాలని అందులో చిటికెడు నీలిమందు కలుపుతారు. మా అమ్మ చెయ్యి పెద్దది. చిటికెడు పోయి గుప్పెడయ్యేది. గోడ లేతనీలంగా వచ్చేది. ఆ గోడకింద చాప మీద పడుకుని పెరిగాను కాబట్టి నా చెయ్యి నీలం మీదికి పోతోంది! ఎంత బాగుంది చూడండి. అందులో అమ్మ ఉంది, పండగ ఉంది, పేదరికం కూడా సరిపడా ఉంది.

ఉత్సాహం పట్టలేక ఇంకాస్త తవ్వాను. నేను ఇన్నాళ్ళూ ఖరీదు పెట్టి కొంటున్న ట్యూబు మీద ‘ఫ్రెంచ్ అల్ట్రామెరిన్’ అని ఉంటుంది. ఒకప్పుడు ఆ రంగు కావాలంటే ఆఫ్ఘనిస్తాన్‌లో బదఖ్షాన్ గనుల లాజవర్ది రాయి నూరాలి. యూరప్ చిత్రకారులకి అది బంగారంతో సమానం, ఎక్కువగా మేరీమాత పైటకోసమే దాచుకునేవారు. గిమే అనే ఫ్రెంచివాడు దాన్ని బట్టీలో తయారుచేసే పద్ధతి కనిపెట్టి, 1828లో ఆరువేల ఫ్రాంకుల బహుమతి కొట్టాడు. అప్పట్నుంచి అది చవకైపోయి బట్టల సబ్బుల కొట్లోకి దిగింది. చాకిరేవు పొట్లాల్లో వచ్చిన నీలిమందు పొడి అదే సరుకు. ఆ పొడికి సున్నం ఘాటు ఏమీ చెయ్యదు గానీ పులుపు తగిలితే రంగు పోతుంది. ఇది చదివి ఆగలేకపోయాను. కిరాణా కొట్లో రాబిన్ బ్లూ పొడి తెచ్చి, జిగురు కలిపి, ఒక కాగితం మీద ఆ పూత ఒకటి, ట్యూబు రంగు పూత ఒకటి పక్కపక్కన వేసి, రెండింటి మీదా నిమ్మకాయ పిండాను. తెల్లారేసరికి రెండూ మచ్చలు మచ్చలుగా వెలిసి ఉన్నాయి. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా మురిగిన గుడ్డు కంపు. నాకది చందనంలా తోచింది. పారిస్ కోసం పడ్డ ఆరాటమంతా మా పెరటి బకెట్లో ఉంది! ఈ వాక్యం నేను ఎన్ని సభల్లో వాడానో చెప్పను. ప్రతిచోటా చప్పట్లే. ఒకచోట ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ కథ పట్టాక నా బొమ్మల్లో గోడలు ఎక్కువయ్యాయి. గోడకింద చాప వచ్చింది, చాప మీద పిల్లాడొచ్చాడు. కొనేవాళ్ళు కథతో సహా కొన్నారు.

మొన్న ఈ పేజీ కోసం కూర్చున్నప్పుడు ఒక చిన్న వివరం కావలసి వచ్చింది, సున్నం ఎవరు వేసేవారో పేరు. అమ్మ లేదు. అక్కకి ఫోన్ చేశాను. గాజువాకలో ఉంటుంది, నాకన్నా ఏడేళ్ళు పెద్ద.

‘సున్నమేట్రా?’ అంది. ‘మనింటికి సున్నం ఎప్పుడేయించేరు? నువ్వు పుట్టకముందే నాన్న డిస్టెంపరు కొట్టించీసేడు కదా, పిస్తా రంగు.’

‘మరి నీలం గోడే?’

‘మనింట్లో నీలం గోడేట్రా, మతి పోయిందేటి నీకు?’

తమ్ముణ్ణి కలిపింది ఫోన్లోకి. వాడు క్రీము రంగు అన్నాడు. వాళ్ళిద్దరూ పిస్తా, క్రీము అని కాసేపు దెబ్బలాడుకున్నారు. నీలం అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేను బతిమాలే ధోరణిలో, నాకు స్పష్టంగా గుర్తుందే అక్కా, చేత్తో రాస్తే అరచేతికి అంటుకునేది, అని చెప్పాను. అక్క కొంచెంసేపు ఆలోచించింది.

‘ఓహో, అదా! అది కిరసనాయిలు డిపో గోడరా. రేషనొచ్చిన రోజున తెల్లారకుండా డబ్బా ఇచ్చి నిన్ను లైన్లో నించోబెట్టీవోరు కదా. నువ్వు గోడకి చేరబడి నిద్రోయీవోడివి. చొక్కా నిండా నీలం పులుముకుని వచ్చీవోడివి, నాన్న చేత తన్నులు తినీవోడివి.’

రేషను కిరసనాయిలుకి కూడా నీలం రంగు కలిపేవారని నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందో, అక్క చెప్పాక వచ్చి చేరిందో ఇప్పుడు తేల్చుకోలేను. డబ్బా మూతి దగ్గర గరాటులో నీలం సుడి తిరుగుతూ దిగడం కళ్ళకి కడుతోంది. ముందు నిలబడ్డ మనిషి మడమలు, పగుళ్ళతో సహా, కనిపిస్తున్నాయి. నిన్నటిదాకా అమ్మ చేతిలో గుప్పెడు నీలిమందు కూడా ఇంత స్పష్టంగానే కనిపించింది.

ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని చెబుతాను. కాటలాగు కాగితంలో ‘మా ఇంటి సున్నం గోడ’ కొట్టేసి, ‘కిరసనాయిలు డిపో, తెల్లవారుజాము’ అని రాశాను. రాసి చదువుకుంటే పాతదానికన్నా బాగుంది. పేదరికం కూడా పెరిగింది. క్యూ మీద ఓ వరుస బొమ్మలు వేస్తే ఎలా ఉంటుందా అని కాగితాల కొలతలు కూడా చూసుకున్నాను.

రాత్రి అక్కే మళ్ళీ ఫోన్ చేసింది. కొత్త ఇంటి హాల్లోకి నా బొమ్మ ఒకటి కావాలిట, పెద్దది. ‘నీలం మాత్రం వద్దురా’ అంది. ‘మా సోఫాకి కుదరదు.’